ఆఖరి చూపు హక్కు క్యూలైన్‌దే

జనం మెచ్చిన నాయకుడు పోయాడని తెలియగానే ఊళ్లలో మొదట వినపడే మాట రాజకీయం గురించి కాదు. "ఎక్కడ ఉంచారట? ఎప్పటిదాకా ఉంచుతారట?" అని. రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి అందుకోగలమా, ముఖం చూడనిస్తారా, చంటిదాన్ని ఎవరి దగ్గర వదలాలి అన్నవి వాటి వెంటే వస్తాయి. వీటికి జవాబు చెప్పే మనిషి ఆ రోజు ఎక్కడా దొరకడు. టీవీలో "శోకసంద్రంలో రాష్ట్రం" అని అక్షరాలు పరుగెడుతుంటాయి. తెల్లచొక్కాల ప్రముఖులు ఒక్కొక్కరే వచ్చి పుష్పగుచ్ఛం ఉంచి, చేతులు జోడించి, కెమెరాల వైపు తిరిగి రెండు మాటలు చెబుతుంటారు. ఆ శోకసంద్రం మాత్రం గేటు బయట, బారికేడ్ల వెనక, ఎండలో నిలబడి ఉంటుంది.

ప్రజానాయకుడి భౌతికకాయం దగ్గర మొదటి హక్కు కుటుంబానిది. రెండోది క్యూలైన్‌లో నిలబడ్డవాళ్లది. మంత్రులు, పార్టీ పెద్దలు, లాంఛనాలు, ప్రత్యక్ష ప్రసారాలు ఆ తర్వాత. నేను చెప్పదలచుకున్నది ఇదే. మన దగ్గర ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. దానివల్ల మర్యాద తప్పడమే కాదు, ప్రాణాలు కూడా పోతున్నాయి.

అసలు వాళ్లంతా ఎందుకొస్తారు? పిచ్చి అభిమానం అని తేల్చేసేవాళ్లు చాలామంది. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక కిలో 2 రూపాయల బియ్యం తిన్న ఇల్లు ఆ లెక్క మర్చిపోదు. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత 108 వచ్చింది, ఆరోగ్యశ్రీ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఆ పథకాల మీద విధానపరంగా ఎంత వాదించుకున్నా, ఆరోగ్యశ్రీ కార్డు మీద గుండె ఆపరేషన్ జరిగిన మనిషికి అది వాదన కాదు, ఆయుష్షు. బతికుండగా ఆ నాయకుడి ఎదుట నిలబడి "మీ వల్ల బతికానయ్యా" అని చెప్పే అవకాశం కోటిమందిలో ఒకరికి కూడా రాదు. పోయాక, ఆ రెండు సెకన్లలో, మనసులోనైనా చెప్పుకోవచ్చు. మన భాషలో దీనికి రుణం తీర్చుకోవడం అని మంచి మాటే ఉంది. ఆ రెండు సెకన్లను కాపాడటమే ఏర్పాట్ల అసలు పని.

అందుకే లెక్క అక్కడినుంచే మొదలుపెట్టాలి. ఆగకుండా నడుస్తూ, ముఖం చూసి, దణ్ణం పెట్టుకుని ముందుకు కదలడానికి మనిషికి సగటున 2 సెకన్లు అనుకుందాం. ఒక్క వరసలో నిమిషానికి 30 మంది, గంటకు 1,800 మంది. పేటికకు రెండు వైపులా వరసలు నడిపితే గంటకు 3,600. పది గంటల్లో 36,000. అంతే! మూడు లక్షల మంది వచ్చే చోట పది గంటల దర్శనం ప్రకటించామంటే, అందులో రెండున్నర లక్షల మందికి పైగా చూడకుండా తిరిగి వెళతారని ముందే నిర్ణయించేశామన్న మాట. ఆ సంగతి వాళ్లకు చెప్పకుండా గేటు దగ్గర పోగవనిస్తాం. తొక్కిసలాటకు విత్తనం అక్కడే పడుతుంది.

సంఖ్య పెంచే దారులున్నాయి. వేదికను రెండు మెట్లుగా కట్టి, వెనక వరసను ఎత్తు మీద నడిపిస్తే రెండు వైపులా కలిపి నాలుగు వరసలవుతాయి, గంటకు 7,200 మంది. రాత్రంతా తెరిచి ఉంచితే ఒక రోజులో లక్షా డెబ్భై వేలు దాటుతారు. 1963 నవంబర్‌లో అమెరికా అధ్యక్షుడు కెనడీ పేటికను క్యాపిటల్ భవనంలో ఉంచినప్పుడు 18 గంటల్లో సుమారు రెండున్నర లక్షల మంది దాటారు. అంటే నిమిషానికి 230 మంది. అక్కడ పేటిక మూసి ఉంది, వరస ఆగలేదు, రాత్రి కూడా తలుపులు వేయలేదు. 2022 సెప్టెంబర్‌లో లండన్‌లో ఎలిజబెత్ రాణి విషయంలోనూ దాదాపు అంతమందే చూశారు, కానీ నాలుగున్నర రోజులు పట్టింది. నిమిషానికి 40 మంది కూడా కాదు. ఒక్కొక్కరికి కాస్త నిలబడి తలవంచే వీలిచ్చారు. ఆ తీరికకు మూల్యంగా కొందరు 24 గంటల దాకా వరసలో ఉన్నారు. ఆవిడ నాయకురాలు కాదు, రాణి. అయినా అక్కడినుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. చేతికి నంబరు పట్టీ కట్టారు. నీళ్లకో మరుగుదొడ్డికో వెళ్లొస్తే స్థానం పోదు. వరస చివర ఇప్పుడు ఎక్కడుంది, ఎన్ని గంటలు పడుతుందన్నది ఎప్పటికప్పుడు అందరికీ తెలిసేలా చూపించారు. స్థానం పోదన్న నమ్మకం ఉంటే మనిషి తోయడు. తోపులాటకు మూలం చాలాసార్లు దుఃఖం కాదు, "నా దాకా రాదేమో" అన్న భయం.

ఆ భయం నిజమైన సందర్భాలూ ఉన్నాయి. 2013 డిసెంబర్‌లో నెల్సన్ మండేలా పార్థివ దేహాన్ని ప్రిటోరియాలోని యూనియన్ బిల్డింగ్స్‌లో మూడు రోజులు ఉంచారు. సుమారు లక్ష మంది చూడగలిగారు. చివరి రోజు వేలమందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. జైల్లో 27 ఏళ్లున్న మనిషి కోసం గంటల తరబడి నిలబడి, చూడకుండా ఇంటిదారి పట్టడం ఎంత బాధో వేరే చెప్పక్కర్లేదు. అందుకే వరసను మూసే సమయం, దర్శనం ముగిసే సమయం అని రెండు వేర్వేరుగా ప్రకటించాలి. సాయంత్రం ఆరుకు ముగించాలంటే, వరస చివర మధ్యాహ్నం రెండింటికో మూడింటికో మూసేయాలి. ఆ వేళకు లోపలున్న ప్రతి ఒక్కరికీ చూపించి పంపాలి. "ఇక కొత్తవాళ్లు చేరొద్దు" అని ధైర్యంగా, మైకులో, ముందుగా చెప్పే అధికారి ఒకరుండాలి.

ఇక ప్రముఖుల సంగతి. ఒక వీఐపీ వస్తే భద్రత కోసం వరస ఆపుతారు. కారు దిగడం, పుష్పగుచ్ఛం, కుటుంబాన్ని ఓదార్చడం, వెళ్లడం కలిపి ఎనిమిది నిమిషాలు వేసుకుందాం. నిమిషానికి 60 మంది దాటే చోట ఎనిమిది నిమిషాలంటే 480 మంది. ఇరవై మంది ప్రముఖులంటే 9,600 మంది సామాన్యుల ఆఖరి చూపు. ఇది ఎవరూ కావాలని చేసే దోపిడీ కాదు. కానీ లెక్క మాత్రం ఇదే. తిరుమలలో బ్రేక్ దర్శనానికి ఒక వేళంటూ ఉంది, మిగతా సమయం సర్వదర్శనానిది. ఇక్కడా అంతే చేయొచ్చు. పొద్దున్నే ఒక గంట, అంత్యక్రియలకు ముందు ఒక అరగంట ప్రముఖులకు కేటాయించి, మధ్యలో ఎవరొచ్చినా తల వైపు నుంచి వేరే దారిలో తీసుకొచ్చి, కాళ్ల వైపు సాగే వరసను కదలనిస్తూనే ఉండాలి. మధ్యలో వచ్చిన పెద్దమనిషి ఆ వరస పక్కన రెండు నిమిషాలు నిలబడితే ఆయన గౌరవం తగ్గదు.

వరసను ఆపేవి ఇంకా ఉన్నాయి. పూలమాల ఒకటి. అందరూ స్వయంగా వేయాలనుకుంటారు, అది సహజం. కానీ మాల వేయడానికి పది సెకన్లు పడుతుంది. వేదికకు నాలుగైదు అడుగుల ముందే వాలంటీర్లు అందుకుని, కాళ్ల దగ్గర ఉంచుతూ, నిండినవి పక్కకు తీస్తూ ఉండాలి. సెల్‌ఫోన్ రెండోది. ఫొటో తీసుకునే మనిషి ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. ఫోన్లు లాక్కోవద్దు, దానితో గొడవ మొదలవుతుంది. వేదిక ఎక్కకముందే "ఫోన్ జేబులో పెట్టుకోండమ్మా, కళ్లారా చూసుకోండి" అని మెల్లగా చెప్పే మనుషులు ఇద్దరుంటే చాలు. మనిషి భుజం పట్టి నెట్టేసే పద్ధతి మాత్రం అస్సలు వద్దు. అరచేయి చాపి దారి చూపించినా వరస అదే వేగంతో కదులుతుంది.

ఫ్రీజర్ బాక్స్ గురించి ఎవరూ మాట్లాడరు, కానీ ఆఖరి చూపు దక్కేదీ పోయేదీ చాలాసార్లు దాని దగ్గరే. గాజు మూత ఉన్న ఆ పెట్టె లోపల చల్లదనం ఉంటుంది, బయట వేలమంది ఊపిరి, చెమట, ఉక్క. గాజు బయటి వైపు ఆవిరి పట్టి మసకబారుతుంది. గంటల తరబడి నిలబడి వచ్చిన మనిషికి మసక గాజు వెనక తెల్లని ఆకారం తప్ప ముఖం కనపడదు. పక్కన మెత్తని పొడి గుడ్డతో ఒక మనిషిని కూర్చోబెట్టి, కొద్ది నిమిషాలకోసారి తుడిపించాలి. ఇంత చిన్న పని. తల పక్కన, గాజు మీద పడకుండా, ఒక ఫ్యాను పెట్టినా మేలే. రెండో తప్పు, మూత పదే పదే తెరవడం. ప్రముఖులొచ్చిన ప్రతిసారీ తెరిస్తే లోపలి చల్లదనమంతా పోతుంది, మళ్లీ దిగడానికి చాలాసేపు పడుతుంది. మూడోది, పెట్టె కింద కంప్రెసర్ గాలి తీసుకునే జాలీని పూలదండలు, గుడ్డలు కప్పేయడం. అప్పుడు యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. నాలుగోది కరెంటు. జనరేటర్ ఒకటి నడుస్తుంటే ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. వైరు జనం నడిచే దారికి అడ్డంగా పోకూడదు.

ఒక రోజు దాటి ఉంచాలన్నా, దూరం తీసుకెళ్లాలన్నా ఎంబామింగ్, అంటే దేహం పాడవకుండా మందు ఎక్కించడం, తప్పదు. మెడ దగ్గరో తొడ దగ్గరో ధమని ద్వారా ఫార్మలిన్ కలిసిన ద్రావణాన్ని శరీరమంతా పంపిస్తారు. పెద్ద మనిషికి సుమారు 8 నుంచి 10 లీటర్లు పడుతుంది. ఎంత త్వరగా చేస్తే అంత బాగా నిలుస్తుంది. పోస్ట్‌మార్టం జరిగిన దేహంలో రక్తనాళాలు తెగి ఉంటాయి కాబట్టి ఒక్కచోటి నుంచి ఎక్కించడం కుదరదు, చేతులకు, కాళ్లకు, తలకు విడివిడిగా చేయాలి, ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యాన్ని జనానికి ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పకపోతే పుకారు చెబుతుంది. ప్రమాదంలో పోయినవాళ్ల ముఖం కొన్నిసార్లు చూపించే స్థితిలో ఉండదు. అప్పుడు పేటిక మూసి, తల వైపు నిలువెత్తు ఫొటో పెట్టి, "పేటిక తెరవడం లేదు" అని వరస మొదట్లోనే బోర్డు పెట్టాలి. వేదిక దాకా వచ్చాక తెలిస్తే మనిషి అక్కడే కూలబడతాడు.

మరణవార్తను ప్రకటించే తీరు దీనికన్నా పెద్ద విషయం. 2016 డిసెంబర్ 5 సాయంత్రం జయలలిత మరణించారని కొన్ని చానళ్లు ముందే ప్రకటించాయి. పార్టీ కార్యాలయం మీద జెండా దించారు, ఆస్పత్రి ఖండించాక మళ్లీ ఎత్తారు. ఆమె మరణించినట్టు అధికారికంగా చెప్పిన సమయం ఆ రాత్రి 11:30. ఆ కొన్ని గంటలు జనం మనసు ఎన్నిసార్లు తెగి అతుక్కుని ఉంటుందో! 2009 సెప్టెంబర్ 2 ఉదయం వైఎస్ హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరింది, నల్లమలలో ఆచూకీ తప్పింది. పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించింది మర్నాడు ఉదయం. ఆ 24 గంటలూ రాష్ట్రం నిద్రపోలేదు. అక్కడ సమాచారం లేకపోవడానికి కారణం అడవి, వాన. కానీ సమాచారం చేతిలో ఉన్నప్పుడు దాచడానికి సాకు ఉండకూడదు. ఒకే గొంతు, ఒకే ప్రకటన, అందులోనే మరణించిన సమయం, భౌతికకాయం ఎప్పుడు ఎక్కడికి చేరుతుంది, దర్శనం ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఏ గేటు నుంచి లోపలికి, ఎటు నుంచి బయటికి, అంత్యక్రియలు ఎక్కడ. ఈ వివరాలు లేకుండా "తీరని లోటు" అని మాత్రమే చెప్పే ప్రకటన దూరం నుంచి బయల్దేరే మనిషికి ఎందుకూ పనికిరాదు.

తొక్కిసలాట అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కాళ్ల కింద పడి నలిగి చనిపోతారని అనుకుంటాం. చాలామంది నిలబడే చనిపోతారు. చదరపు మీటరులో నలుగురున్నంత వరకు మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు. ఐదారుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఏడుగురికి చేరితే గుంపు నీళ్లలా ఊగుతుంది, అందులో ఎవరి కాళ్లూ వాళ్లవి కావు. ఛాతీ మీద అన్ని వైపుల నుంచి ఒత్తిడి పడి ఊపిరి తీసుకోలేక ప్రాణం పోతుంది. ముందున్నవాళ్ల కేక వెనకవాళ్లకు వినపడదు. వెనకవాళ్లకు ముందు ఖాళీ ఉన్నట్టే అనిపిస్తుంది, ఇంకో అడుగు వేస్తారు. కాబట్టి ముందు వరుసను లాఠీతో వెనక్కి కొట్టడం అంటే రెండు గోడల మధ్య మనుషుల్ని నలపడమే. ఆపాల్సింది వెనక, కొత్తగా చేరేచోట.

1953 మార్చిలో స్టాలిన్ దేహాన్ని చూడటానికి మాస్కోలో వెళ్లిన జనానికి జరిగింది ఇదే. పక్క వీధులు మూయడానికి లారీలు అడ్డంగా నిలిపారు. ట్రుబ్నాయా కూడలి వైపు పల్లంలోకి దిగుతున్న జనం ఆ లారీలకు, గోడలకు నలిగిపోయారు. ఎంతమంది పోయారో ఈరోజుకీ సరైన లెక్క లేదు. 2020 జనవరి 7న ఇరాన్‌లోని కెర్మాన్‌లో సైనిక జనరల్ సులేమానీ అంతిమయాత్రలో 56 మంది చనిపోయారు, ఖననమే వాయిదా పడింది. మన పక్కనే, 2018 ఆగస్టు 8న చెన్నై రాజాజీ హాలు దగ్గర కరుణానిధిని చూడటానికి వచ్చినవాళ్లలో ఇద్దరు తోపులాటలో పోయారు. వాళ్ల ఇళ్లలో ఆ రోజు నుంచి రెండు వర్ధంతులు.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. గేటు దాకా ఒకే పొడుగాటి బారికేడ్ దారి వేయకుండా, రెండు మూడు వందల మంది పట్టే గళ్లుగా విడగొట్టి, గడికీ గడికీ మధ్య ఖాళీ ఉంచి, ఒక్కో గడినే వదలాలి. బయటికెళ్లే దారి లోపలికొచ్చే దారికన్నా వెడల్పుగా ఉండాలి. రెండూ ఎక్కడా ఎదురు పడకూడదు. వేదికకు ముందు మెట్లు, వాలు, ఇరుకు మలుపు ఉండకూడదు. తప్పనిసరైతే అక్కడ వెలుగు, మనుషులు రెండూ ఎక్కువ పెట్టాలి. బారికేడ్లలో లోపలి నుంచి తెరుచుకునే తలుపులు ఉండాలి, అంబులెన్స్ దారి జనం దారిని దాటకూడదు. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు వేరే వరస, అందులో కుర్చీలు. నీళ్లు వరస పొడవునా పంచాలి, ఒక్కచోట పెడితే అక్కడే మరో గుంపు తయారవుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జన సమూహాల నిర్వహణ మీద 2014లోనే మార్గదర్శిని ప్రచురించింది. అంత్యక్రియల రాత్రి దాన్ని తెరిచి చదివే తీరిక ఎవరికీ ఉండదు. ముందే చదివి ఉండాలి.

వెళ్లేవాళ్లకు కూడా ఒక మాట. పసిపిల్లల్ని తీసుకెళ్లకండి. గుంపు బిగుస్తున్నట్టు అనిపిస్తే చేతులు కిందికి వదలకండి, ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి ఆ నాలుగు అంగుళాల జాగా కావాలి. అలకు ఎదురు వెళ్లకండి, కాస్త తెరిపి దొరికినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి. గోడకూ బారికేడుకూ దూరంగా ఉండండి. చెప్పు జారినా ఫోన్ పడినా వంగకండి.

అంతిమయాత్ర విషయంలో కేరళ నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి. అక్కడి మాజీ ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ 2023 జులై 18న బెంగళూరులో మరణించారు. మర్నాడు తిరువనంతపురం నుంచి కొట్టాయం వైపు కేరళ ఆర్టీసీ బస్సులో బయల్దేరిన యాత్ర, మామూలుగా నాలుగు గంటల్లో చేరే సుమారు 150 కిలోమీటర్ల దారిని 28 గంటల్లో దాటింది. గంటకు ఐదారు కిలోమీటర్లు, అంటే మనిషి నడక. 2025 జులైలో మరో మాజీ ముఖ్యమంత్రి వీఎస్ అచ్యుతానందన్‌ను అలప్పుళకు తీసుకెళ్లినప్పుడు కూడా దాదాపు 22 గంటలు పట్టింది. ఒకరు కాంగ్రెస్, ఒకరు కమ్యూనిస్టు. జనం రెండు వైపులా వానలో, అర్ధరాత్రి దాటాక కూడా నిలబడ్డారు. ఇందులో గొప్ప సంగతి ఏమిటంటే, జనాన్ని ఒక్కచోటికి రప్పించకుండా దేహాన్నే జనం దగ్గరికి తీసుకెళ్లారు. పది లక్షల మంది ఒక మైదానంలోకి రావడం ప్రమాదం. అదే పది లక్షల మంది 150 కిలోమీటర్ల పొడవునా ఎవరి ఊరి సెంటర్లో వాళ్లు నిలబడితే అది వీడ్కోలు. సమయం తప్పుతుంది, తప్పనివ్వాలి. నాయకుడు సొంత జిల్లాకు చేరేలోపు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఏ ఊళ్లో సుమారు ఎన్నింటికో ముందే చెప్పి, డ్రైవర్లను మార్చుతూ, బండి చక్రాల పక్కన తాడు పట్టుకుని నడిచే దళాన్ని పెట్టుకుంటే చాలు. చాందీ కుటుంబం ఆయన కోరిక ప్రకారం అధికార లాంఛనాలు వద్దంది. ఆ యాత్రకు లోటేమీ కనపడలేదు.

లాంఛనాలంటే నాకు చిన్నచూపు లేదు. సరిగ్గా చేసినప్పుడు వాటికో గాంభీర్యం ఉంటుంది. ఆయుధాలు తలకిందులు చేసి నిలబడ్డ పోలీసులు, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు రాగం, గాల్లోకి మూడు వరసల తుపాకుల వందనం, ఆ నిశ్శబ్దం గుండెలో దిగుతుంది. సరిగ్గా చేయడానికి నియమాలు ఉన్నాయి, తప్పులు జరిగేది అక్కడే. 2002 నాటి ఫ్లాగ్ కోడ్ ప్రకారం పదవిలో ఉన్న ముఖ్యమంత్రి మరణిస్తే ఆ రాష్ట్రమంతటా జాతీయ జెండా అవనతం చేస్తారు. రాష్ట్ర క్యాబినెట్ మంత్రి అయితే రాష్ట్ర రాజధానిలో. జెండాను నేరుగా సగానికి ఎగరేయకూడదు. ముందు కొస దాకా ఎత్తి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం దించేటప్పుడు కూడా మళ్లీ కొస దాకా ఎత్తి దించాలి. భౌతికకాయం మీద కప్పినప్పుడు కాషాయం తల వైపు రావాలి. చితికి నిప్పు పెట్టే ముందు, గోతిలో దించే ముందు జెండా తీసేయాలి, అది కాలకూడదు, మట్టిలో కలవకూడదు. ప్రభుత్వ లాంఛనాలు లేని అంత్యక్రియల్లో అభిమానంతో జాతీయ జెండా కప్పడం చట్టం ప్రకారం తప్పు. పార్టీ జెండా కప్పుకోవచ్చు.

సంతాప దినాలు వేరు, సెలవు వేరు. సంతాప దినాల్లో జెండా అవనతంగా ఉంటుంది, ప్రభుత్వం వేడుకలు జరపదు. పని ఆగాలని అందులో లేదు. సెలవు ఇవ్వాలంటే విడిగా ఉత్తర్వు కావాలి. ఈ తేడా తెలియక, తెలిసీ పట్టించుకోక, కర్రలు పట్టుకుని కొట్లు మూయించే జట్లు బయల్దేరతాయి. 1987 డిసెంబర్ 24న ఎంజీఆర్ పోయినప్పుడు మద్రాసులో దుకాణాలు లూటీ అయ్యాయి, అన్నా సాలైలో కరుణానిధి విగ్రహాన్ని పడగొట్టారు. భయపడి మూసిన కొట్టు నివాళి కాదు. రోజుకూలి మనిషి ఆ రోజు పని పోగొట్టుకుంటే, అతని కడుపు నిండాలని పథకాలు పెట్టిన నాయకుడికే అది అవమానం. తనంతట తాను మూసి, గుమ్మానికి ఫొటో పెట్టి దండ వేసిన కొట్టును చూస్తే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయం. నాయకుడు పోయిన మర్నాటి నుంచి "తట్టుకోలేక ఆగిన గుండెలు" అని అంకెలు మొదలవుతాయి. జయలలిత మరణం తర్వాత ఆమె పార్టీ ఇచ్చిన లెక్క మొదట 77, కొద్ది రోజుల్లో 470కి చేరింది. ఒక్కో కుటుంబానికి 3 లక్షల రూపాయలు ప్రకటించారు. వైఎస్ మరణం తర్వాత అలా పోయినవాళ్ల కుటుంబాలను కలవడానికే 2010లో జగన్ ఓదార్పు యాత్ర మొదలైంది, దాని మీదే పార్టీలో విభేదాలు ముదిరి కొత్త పార్టీ దాకా వెళ్లింది. ఆ ఇళ్లలో దుఃఖం నిజం. వెళ్లి పలకరించడం తప్పు కాదు. కానీ అంకె సంగతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2011 లెక్కల్లో 8.46 కోట్లు. వెయ్యికి ఏటా సుమారు 7 మరణాలు అనుకున్నా, ఏ మామూలు రోజైనా ఆ రాష్ట్రంలో 1,600 మంది చనిపోతారు. అందులో గుండెపోటు చాలా ఉంటుంది. ఆ రోజు ప్రతి ఇంట్లో టీవీ మోగుతూనే ఉంటుంది. టీవీ ముందు పోయిన ప్రతి మనిషినీ ఆ వార్తే చంపిందని చెప్పలేం. దుఃఖం గుండెను దెబ్బతీయగలదన్నది వైద్యం ఒప్పుకున్న నిజమే, అయితే ఎవరిని అది తీసుకెళ్లిందో దేహాన్ని పరీక్షించకుండా చెప్పలేం. పార్టీ జాబితాకు ఆ పరీక్ష ఉండదు.

ఆత్మహత్యల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎంజీఆర్ మరణం తర్వాత దాదాపు 30 మంది ప్రాణాలు తీసుకున్నారని అప్పటి వార్తలు. అలాంటి ఒక మరణాన్ని ఫొటోతో, వీరగాథలా, మొదటి పేజీలో వేస్తే అదే స్థితిలో ఉన్న ఇంకొకరికి అది దారిలా కనపడుతుంది. అందుకే ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు తెచ్చింది. ప్రముఖంగా వేయొద్దు, పదే పదే వేయొద్దు, ఎలా చేసుకున్నారో వివరించొద్దు, సాయం దొరికే నంబరు ఇవ్వండి అని. ఆ నంబరు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. పార్టీలు చేయాల్సింది పరిహారం ప్రకటనకన్నా ముందు, మొదటి రోజే, వారసుడి నోటితోనో భార్య నోటితోనో ఒక వాక్యం చెప్పించడం: "ఆయన కోసం ఎవరూ ప్రాణం తీసుకోవద్దు, ఆయన ఒప్పుకోడు." ఆ వాక్యం గంటకోసారి ప్రసారం కావాలి. చచ్చిపోయినవాళ్ల అంకెను ప్రేమకు కొలమానంగా చూపించే నాయకుడు తన నాయకుణ్ని చిన్నబుచ్చుతున్నాడు.

జనం అంకె కూడా కొలమానం కాదు. 1969 ఫిబ్రవరిలో అన్నాదురై అంత్యక్రియలకు కోటిన్నర మంది వచ్చారని గిన్నిస్ పుస్తకంలో ఉంది. చదరపు మీటరుకు నలుగురు చొప్పున కోటిన్నర మంది నిలబడాలంటే మూడు ముప్పావు చదరపు కిలోమీటర్లు కావాలి. అంటే ఆరు కిలోమీటర్ల పొడవునా 600 మీటర్లకు పైగా వెడల్పు. అప్పటి మద్రాసు నగర జనాభా పాతిక లక్షల లోపు. నాకు ఆ అంకె మీద అనుమానం ఉంది, ఆ ప్రేమ మీద లేదు. పీవీ నరసింహారావుకు 2004 డిసెంబర్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన అంత్యక్రియలకు అలాంటి జనసముద్రం లేదు. ఢిల్లీలో స్మారకం రావడానికి పదేళ్లు దాటింది, భారతరత్న 2024లో వచ్చింది. 2010లో జ్యోతిబసుకు చితే లేదు, దేహాన్ని కోల్‌కతాలో వైద్య విద్యార్థులకు ఇచ్చారు. 2024లో సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లింది. అక్కడ కూడా ఎర్రజెండా కప్పిన దేహం ముందు వరస కట్టి, పిడికిలి ఎత్తి, కదిలిపోయారు జనం.

చివరగా, ఆలస్యంగా వచ్చేవాళ్లు. వీళ్లను ఎవరూ లెక్కలో వేసుకోరు. మూడు బస్సులు మారి, మన్యం నుంచో వలస వెళ్లిన పొరుగు రాష్ట్రం నుంచో వచ్చేసరికి అంతా అయిపోయి, బారికేడ్లు లారీలో ఎక్కిస్తుంటారు. వాళ్లకోసం మర్నాడు పొద్దుటి నుంచి పదకొండో రోజు దాకా సమాధి దగ్గరో, దహనం జరిగిన చోటో చిన్న వరస ఉండాలి. నీడకు ఒక షామియానా, పెద్ద ఫొటో, సంతాప పుస్తకం, తాడుతో కట్టిన పెన్ను. రాయడం రానివాళ్లు చెబితే రాసిపెట్టడానికి ఒక మనిషి. సొంతూరు పుతుప్పళ్లిలో ఊమెన్ చాందీ సమాధి దగ్గరికి అంత్యక్రియలు అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. బతికున్నన్నాళ్లూ ఆయన గంటల తరబడి నిలబడి అర్జీలు తీసుకున్న మనిషి. వచ్చినవాళ్లలో కొందరు పూలు, కొవ్వొత్తుల పక్కనే అర్జీలు కూడా రాసి పెట్టి వెళ్లారు.